కాపలా దెయ్యం గారికి, డబ్బు కట్టిన భయస్తుడు రాయునది

మహారాజశ్రీ డీఆర్‌ఎం గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని నాకు తెలుసు. దొంగ కాపీలు ఆడనివ్వకుండా కంపెనీలు గేమ్‌లకు వేసే తాళం (డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్) మీరు, గేమ్ తెరిచిన ప్రతిసారీ నాకంటే ముందు నిద్ర లేచేది మీరే కదా. నా క్షేమసమాచారాలు మీరెలాగూ కనుక్కుంటూనే ఉంటారు. వీడు వీడేనా, ఈ కంప్యూటర్ మొన్నటిదేనా, ఈ గేమ్ డబ్బు కట్టి కొన్నదేనా అని. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు కూడా ఇలాంటివి ఒకసారి అడిగి ఊరుకుంటారు.

నాకు హారర్ గేమ్‌ల పిచ్చి. పిరికివాణ్ణి కూడా. ఆ రెండూ ఒకడిలోనే ఉంటే తప్ప ఇందులో సరదా లేదు. సీక్వెల్ వచ్చిన ప్రతిసారీ నేను చూసుకునే లెక్క ఒక్కటే: పోయినసారి కంటే ఎక్కువ భయమేసిందా, లేదా? ఏళ్ల తరబడి ఈ లెక్క వేశాక, భాగం పెరిగేకొద్దీ భయం కూడా పెరుగుతూ వచ్చిన సిరీస్ ఒక్కటే తేలింది. అది మీది. సన్మానపత్రం రాద్దామని కూర్చున్నాను, ఉత్తరమైంది.

ముందు మీ పోటీదారుల సంగతి. 1996లో మొదటి రెసిడెంట్ ఈవిల్‌లో కెమెరా గది మూలన బిగించినట్టుండేది. మలుపు అవతల ఏముందో కనిపించదు, కాళ్లీడ్చుకుంటూ వస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. గుండ్లు లెక్కపెట్టుకోవాలి. సేవ్ చేసుకోవాలంటే టైప్‌రైటర్ కనపడాలి, చేతిలో ఇంక్ రిబ్బన్ ఉండాలి. గదికీ గదికీ మధ్య చీకట్లో తలుపు మెల్లగా తెరుచుకునేది చూశారూ, అది తర్వాతి గది లోడ్ అయ్యేదాకా మమ్మల్ని కూర్చోబెట్టే ఉపాయం. ఆ ఉపాయానికే మేం వణికి చచ్చాం. 2009లో అయిదో భాగం వచ్చేసరికి అదే గేమ్ హీరో క్రిస్ రెడ్‌ఫీల్డ్ అగ్నిపర్వతంలో నిలబడి బండరాయిని పిడికిళ్లతో గుద్దాడు. బండరాయిని గుద్దేవాడికి జాంబీ అంటే భయమేమిటి? జాంబీలే ఇతన్ని చూసి తలుపులేసుకోవాలి. 2012లో ఆరో భాగం పేలుళ్ల జాతర. చివరికి 2017లో వాళ్లకే బుద్ధొచ్చి ఏడో భాగానికి ఒక పాడుబడ్డ ఇల్లు, భార్యను వెతుక్కుంటూ వచ్చిన ఒక మామూలు మనిషి చాలన్నారు. అప్పుడు మళ్లీ భయం వేసింది.

డెడ్ స్పేస్‌దీ అదే జాతకం. 2008లో హీరో ఐజాక్ ఒంటరివాడు, నోట మాట లేదు. 2011లో మాటలొచ్చాయి. 2013లో పక్కన ఇంకొకణ్ణి తోడు పెట్టుకుని ఆడే వీలొచ్చింది. ఆయుధాల తయారీకి కావలసిన సరుకు అసలు డబ్బుతో కొనుక్కునే అంగడి కూడా తెరిచారు. ఎదురుగా శవం లేచి వస్తుంటే చేతికి ధరల పట్టిక ఇస్తే ఇంకెవడు భయపడతాడండీ?

అమ్నీషియాను చూస్తే ఈ రోగం మూలం దొరుకుతుంది. 2010లో వచ్చిన మొదటిదానిలో లాంతరులో నూనె అయిపోయేది. 2013లో రెండోది ఇంకో స్టూడియో చేసింది, దాంట్లో లాంతరు అసలు ఆరదు. ఆరని దీపం చేతిలో ఉంటే చీకటికి మనమంటే లెక్కుంటుంది కానీ, మనకు చీకటంటే ఎందుకుంటుంది? 2023లో ‘బంకర్’ అనే భాగానికి వచ్చేసరికి ఒకే ఒక్క రాక్షసి, ఇంధనం తాగే జనరేటర్. మళ్లీ ప్రాణం అరచేతిలోకి వచ్చింది. అంటే భయానికి కావలసినవి రెండు: దెయ్యం కనపడకూడదు, మన దగ్గరున్నది చాలకూడదు.

ఆ రెండూ ఇన్నేళ్లూ తప్పకుండా పాటించింది మీరొక్కరే. మీ మొహం ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు గానీ, ఒక రాత్రి చాలా దగ్గరగా వచ్చారు.

ఇంట్లో అంతా పడుకున్నారు. లైట్లార్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అంతకు వారం ముందు కొన్న గేమ్ తెరిచాను. పేరెందుకులెండి. మాది లైనక్స్ కంప్యూటర్. బొమ్మ వణుకుతోందని, విండోస్ గేమ్‌లను నడిపే ప్రోటాన్ వెర్షన్ ఒకటి తీసి ఒకటి పెట్టి చూస్తున్నాను. నాకది ఒకే కంప్యూటర్. మీకు మాత్రం నేను వెర్షన్ మార్చిన ప్రతిసారీ కొత్త కంప్యూటర్ కనిపించిందట. ఇంకోసారి మార్చానో లేదో, స్క్రీన్ మొత్తం నల్లబడి మధ్యలో బూడిదరంగు పెట్టె ఒకటి లేచింది. అనుమతించిన కంప్యూటర్ల సంఖ్య దాటిందట, 24 గంటల తర్వాత ప్రయత్నించమంది. దాని కింద ఒకే ఒక్క బటన్, ‘ఓకే’. దేనికి ఓకే? నేను దొంగనని ఒప్పుకున్నట్టా? బాణం గుర్తును దానిమీద ఉంచి చాలాసేపు నొక్కలేదు. నల్లటి తెర మీద నా మొహమే కనపడింది, హెడ్‌ఫోన్స్‌తో సహా. ఆ గేమ్‌లో అంతకన్నా భయపెట్టే దృశ్యం తర్వాత ఎక్కడా రాలేదు. దెయ్యాలైనా కోడి కూయగానే వెళ్లిపోతాయి. మీకు తెల్లారడం సరిపోదు, మళ్లీ అర్ధరాత్రి కావాలి.

మీ మొదటి భాగం గుర్తుందా? పెట్టెలో వచ్చిన పుస్తకం తీసి, ఫలానా పేజీలో ఫలానా వరుసలో మూడో మాటేమిటని అడిగేవారు. పాపం, జిరాక్స్ మిషన్ చేతిలో ఓడిపోయారు. తర్వాత డిస్క్ పెట్టమన్నారు. 2007లో బయోషాక్ గేమ్‌తో ఇంక్ రిబ్బన్ కిటుకు పట్టేశారు. గేమ్ యాక్టివేట్ చేసుకోవడానికి మొదట రెండంటే రెండే అవకాశాలిచ్చారు, గోల చేస్తే అయిదు చేశారు. రెసిడెంట్ ఈవిల్‌లో రిబ్బన్లు నిండుకుంటే ఏ సొరుగులోనో ఇంకోటి దొరికేది. ఇక్కడ కస్టమర్ కేర్‌కు అర్జీ పెట్టుకోవాలి. 2010లో ఒక్కడే కూర్చుని ఆడే గేమ్‌కు కూడా ఇంటర్నెట్ ఆగకుండా ఉండాలన్నారు. ఆ మార్చిలోనే యుబిసాఫ్ట్ కంపెనీ సర్వర్ల మీద దాడి జరిగి, అసాసిన్స్ క్రీడ్ 2 కొన్నవాళ్లు సొంత ఇంటి గుమ్మంలో నిలబడిపోయారు. 2014లో ఆస్ట్రియాలో డెనూవో అనే అవతారమెత్తారు. ఇక అప్పటినుంచి మీ కథే వేరు.

ఆ అవతారంలో మీ గొప్ప ఘట్టం రెసిడెంట్ ఈవిల్ విలేజ్. 2021 మేలో వచ్చింది. డెనూవో ఒక్కటి చాలదన్నట్టు దానిమీద గేమ్ చేసిన క్యాప్‌కామ్ కంపెనీ సొంత తాళం కూడా వేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. జాంబీకి గుండు తగిలిందనుకోండి, ఒక క్షణం గేమ్ మొత్తం బిగుసుకుపోయేది. జాంబీ ఆగింది, నేనూ ఆగాను, ఇద్దరం మీ అనుమతి కోసం ఎదురుచూశాం. నిజానికి చచ్చినవాడికి అంత తొందరేమీ లేదు, తొందరంతా నాకే. నా కంప్యూటర్ ముసలిదైపోయిందని కొన్నాళ్లు దాన్నే తిట్టుకున్నాను. జూలైలో గేమ్ క్రాక్ అయింది, అంటే దొంగలు తాళం పగలగొట్టారు. గేమ్‌ల పనితీరు కొలిచే డిజిటల్ ఫౌండ్రీవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి కొలిచి చూస్తే, దొంగ కాపీ నున్నగా నడుస్తోంది, కొన్న కాపీ తడబడుతోంది. ఆ నెల 20న క్యాప్‌కామ్ ప్యాచ్ విడుదల చేసి, పైరసీని అడ్డుకునే సాంకేతికతకు ‘సర్దుబాట్లు’ చేశామంది. కంచే చేను మేసిందని కంచె వేసినవాడే ఒప్పుకున్న సందర్భాలు తక్కువ. అందుకు మాత్రం వాళ్లను మెచ్చుకోవాలి.

నాకు అర్థం కానిది ఇదే. హారర్ గేమ్‌లో కూడా ఒక న్యాయం ఉంటుంది. వద్దన్న గది తలుపు తీసినవాడికే దెయ్యం పడుతుంది. మీరు మాత్రం గేటు దగ్గర టికెట్ కొన్నవాడికే పడతారు. గోడ దూకినవాడు మిమ్మల్ని ఒక్కసారైనా చూడడు. వాడు దించుకున్న కాపీలో మిమ్మల్ని ముందే చంపేసి ఉంటారు. 2017 జనవరి 24న రెసిడెంట్ ఈవిల్ ఏడో భాగం విడుదలైంది, వారం తిరక్కుండానే తాళం పగిలింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. దొంగలు పడ్డ తర్వాత కూడా మీరు ఇంటాయన్ని చూసే మొరుగుతారు.

మీ పక్షాన చెప్పాల్సింది లేకపోలేదు. మొదటి వారాల అమ్మకాలు కాపాడితే చాలు, ఆ తర్వాత ఏమైనా ఫర్వాలేదని మీవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. అది వట్టిమాట కాదు. డెనూవో వేసిన గేమ్‌ల మీద 2024లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. మొదటి వారంలోనే క్రాక్ వస్తే ఆదాయంలో సుమారు 20 శాతం పోతుందని, 12 వారాలు దాటాక వస్తే దాదాపు ఏమీ పోదని దాని అంచనా. గేమ్ చేసినవాళ్లకూ ఇళ్లూ వాకిళ్లూ ఉంటాయి, 20 శాతం చిన్న సంగతి కాదు. ఒప్పుకున్నాను. మరి పదమూడో వారం మీరింకా నా ఇంట్లో ఏం చేస్తున్నట్టు? కొన్ని గేమ్‌ల నుంచి ఏడాదికో రెండేళ్లకో మిమ్మల్ని చడీచప్పుడు లేకుండా సాగనంపుతుంటారు. ఇంకొన్నిట్లో చుట్టపు చూపుగా వచ్చి అక్కడే స్థిరపడిపోతారు.

మీ చుట్టాల్లో రసికులూ ఉన్నారు, వాళ్ల దగ్గరైనా నేర్చుకోండి. 2011లో సీరియస్ సామ్ 3ని దొంగతనంగా ఆడినవాడి వెనక, ఎంత కాల్చినా చావని తేలు ఒకటి పరుగెత్తుకొచ్చేది. అలాన్ వేక్ దొంగ కాపీలో హీరో కంటికి పుర్రె గుర్తున్న గంత కట్టి తిప్పారు. కాపలా అంటే అదీ. భయమూ సరైన ఇంటికే చేరింది, నవ్వూ వచ్చింది. కొన్నవాడికి ఆ తేలు ఊసే తెలియదు. దెయ్యానికి చిరునామా తెలిసి ఉంటే చాలు, ఇంత గొడవ ఉండదు.

మీకు చిరునామాలతో ఎప్పుడూ తంటానే. 2021 నవంబరులో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు వచ్చాయి. ఒకే చిప్‌లో పెద్ద కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కొన్ని, చిన్న కోర్లు కొన్ని. చిన్నవాటిని చూసి ఇదేదో వేరే కంప్యూటర్ అనుకున్నారు మీలో కొందరు. సుమారు 50 గేమ్‌లు ఇబ్బంది పడతాయని ఇంటెల్ జాబితా ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఒక్క తల లోపలే ఇద్దరు మనుషులున్నారని అనుమానించడం మంచి హారర్ కథే అవును. కానీ ఆ కథ రాయమని మిమ్మల్నెవరూ అడగలేదు.

2024 సంవత్సరాన్ని నేను రెండిటికి గుర్తుపెట్టుకున్నాను. జనవరిలో క్యాప్‌కామ్ పాత గేమ్ రెసిడెంట్ ఈవిల్ రెవెలేషన్స్‌కు అప్‌డేట్ పేరుతో ఎనిగ్మా అనే కొత్త తాళం వేసింది. కంప్యూటర్లోకి వచ్చి అప్పటికి పదేళ్లు దాటిన గేమ్ అది. జనం మొత్తుకుంటే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు లోపు అదే క్యాప్‌కామ్‌వారి మొదటి మూడు రెసిడెంట్ ఈవిల్‌లు గాగ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలోకి వచ్చాయి, ఏ తాళమూ లేకుండా. అక్కడ మీ గాలి సోకదు. ఇన్‌స్టాలర్ దించుకుని ఎక్కడ కావాలంటే అక్కడ దాచుకోవచ్చు. మూడూ కొన్నాను. పాతికేళ్ల నాటి తలుపు మళ్లీ కిర్రుమని తెరుచుకుంది, ఎవరి అనుమతీ అడక్కుండా.

మరి మీకు నీడనిచ్చే డిజిటల్ దుకాణాల మాటో? పి.టి. సంగతి మీకు చెప్పాలా? గేమ్ దర్శకుడు హిడియో కొజిమా, సినిమా దర్శకుడు గియెర్మో డెల్ టోరో కలిసి చేసి, 2014 ఆగస్టులో ప్లేస్టేషన్ 4లో ఉచితంగా వదిలిన చిన్న ముక్క. ఎల్ ఆకారంలో ఒక నడవా, చివర తలుపు, తీస్తే మళ్లీ అదే నడవా. సైలెంట్ హిల్ కొత్త భాగానికి అది మచ్చుతునక. ఆ భాగం రద్దయింది. 2015 ఏప్రిల్‌లో మచ్చుతునకనూ స్టోర్ నుంచి తీసేశారు. అప్పటికే దించుకున్నవాళ్లు పొరపాటున చెరిపేస్తే మళ్లీ దించుకునే దారి కూడా మూసేశారు. ఇప్పటికీ కొందరు ఆ ఒక్క నడవా కోసం పాత ప్లేస్టేషన్‌ను అటకెక్కించకుండా కాపాడుకుంటున్నారు. సైలెంట్ హిల్ సిరీస్ మొత్తంలో అన్నిటికన్నా భయంకరమైన వస్తువు ఆ పెట్టెలో ‘డిలీట్’ అన్న మాట.

ఈ మధ్య మీ దుకాణాలకు నిజం చెప్పే జబ్బు పట్టుకుంది. కాలిఫోర్నియా చట్టం ఒకటి 2025 జనవరి 1 నుంచి, అమ్మేది లైసెన్సు మాత్రమేనని తేటగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడొద్దంది. గేమ్‌ల దుకాణం స్టీమ్ అంతకు ముందే, 2024 అక్టోబరులోనే, డబ్బు కట్టే చోట ఆ ముక్క రాసిపెట్టింది. చదివాను. నా లైబ్రరీలో ఉన్నవన్నీ నావి కావు, చూసి పెట్టమని నాకు అప్పగించినవి. అంటే ఇన్నాళ్లూ కాపలావాణ్ణి నేనే, మీరు ఇంటి యజమాని. ఇంత మంచి మలుపు ఏ సీక్వెల్‌లోనూ చూడలేదు.

కొత్త హారర్ గేమ్ ఒకటి నిన్న విష్‌లిస్టులో పెట్టాను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో మీ పేరు కనిపించింది. ట్రైలర్ కంటే ఆ లైనే రెండుసార్లు చదివాను.

ఇట్లు,
చాలా గేమ్‌లకు డబ్బు కట్టి, మూడింటికి మాత్రం యజమానిననుకుంటున్న
మీ లైసెన్సుదారుడు

తా.క.: ఈ ఉత్తరానికి ఒక కాపీ తీసి దాచుకున్నాను. మీ అనుమతి తీసుకోలేదు.