తొమ్మిది వేల మీటర్ల బంతి

ఆట తయారు చేయాలనుకున్నవాడు మొదట ఆటను గురించి ఆలోచిస్తాడని లోకం అనుకుంటుంది గాని, నేను మాత్రం ఏడాదిపాటు, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన గేమ్ ఇంజన్‌ను గురించే ఆలోచించాను. నా ఆట మరీ పెద్దదేమీ కాదు. స్పేస్ బార్ నొక్కితే ఒక బంతి ఎగిరి, ముళ్ల మీదుగా దూకి, అవతల పడాలి. ఈ ఘనకార్యం కోసం 2022లో విడుదలైన అన్‌రియల్ ఇంజన్ 5ను ఎంచుకున్నాను. అందులోని వెలుగునీడల మహిమ వల్ల నా బంతి ఏదో సంస్థానానికి వారసుడిలా మెరిసిపోయేది. కోడ్ రాయకుండా బ్లూప్రింట్ అనే ఆదేశాల గళ్లను తీగలతో కలుపుకుంటూ పోతే చాలు కనుక కలుపుకుంటూ పోయాను. ఆ అల్లికను చూసి నా మిత్రుడు, "ఇదేమిట్రా, కరెంటు స్తంభమా?" అన్నాడు. తీగలు కలిపినది నేనే అయినా, కోపం మాత్రం ఇంజన్ మీద వచ్చింది.

వెంటనే గోడో అనే మరో ఇంజన్‌కు మారాను. దాని డౌన్‌లోడు చిన్నది, అందులో కోడ్ రాసే భాష జీడీస్క్రిప్ట్ చూపుకు పైథాన్‌లా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద లభిస్తుంది కనుక రాబడిలో ఎవరికీ వాటా ఇవ్వనక్కరలేదు. అన్‌రియల్‌లోనైతే రాబడి పది లక్షల డాలర్లు దాటాక సాధారణంగా 5 శాతం రాయల్టీ చెల్లించాలి. ముళ్ల మీద దూకే బంతి పది లక్షల డాలర్లు తేబోతోందన్న విషయంలో అప్పట్లో నాకు సందేహమేమీ లేదు.

పాత ఆటలో బంతి ఎగిరే వేగం 420. ఆ అంకెను ఉన్నదున్నట్టు దించుకుని స్పేస్ బార్ నొక్కాను. బంతి మాయమైంది. కెమెరాను జరిపాను, బంతికి ఎర్రరంగు పూశాను, ఏది దేన్ని తాకాలో నిర్ణయించే కొలిజన్ లేయర్లన్నీ తిరగేశాను; నొక్కిన ప్రతిసారీ అర నిమిషం ఎదురుచూసి, విసిగి, ఆటను మూసేశాను. మూడు గంటల తరువాత, ఈ ఇంజన్ బంతులను మింగేస్తోందని తేల్చుకుని, యూనిటీ అనే ఇంకో ఇంజన్ డౌన్‌లోడు మొదలుపెట్టి, మిత్రుడికి సుదీర్ఘమైన ఫిర్యాదు రాయసాగాను. ఈసారి ఆటను మూయడం మరిచాను. ఫిర్యాదు రెండో పేరాలో ఉండగా, తెరపై ఆకాశం నుంచి ఎర్రని బంతి వచ్చి, బయలుదేరిన చోటనే బుద్ధిగా కూర్చుంది.

మిత్రుడి జవాబు క్లుప్తంగా ఉంది: "ఒరేయ్, అన్‌రియల్‌లో యూనిట్ అంటే సెంటీమీటరు, ఇక్కడ మీటరు. లెక్క వేసుకో." వేసుకున్నాను. వేగం నూరు రెట్లయితే ఎత్తు పదివేల రెట్లవుతుంది; అక్కడ 90 సెంటీమీటర్లు ఎగిరిన బంతి ఇక్కడ 9,000 మీటర్లు ఎగురుతోంది. 8,849 మీటర్ల ఎవరెస్టును కిందికి చూసి, దాదాపు 86 సెకన్లకు ఇంటికి చేరుతోంది. నేనేమో ప్రతిసారీ అది దారిలో ఉండగానే తలుపు మూసేశాను.

420ని 4.2గా మార్చగానే బంతి ముళ్లు దాటింది. అప్పటికి యూనిటీ డౌన్‌లోడు 85 శాతం పూర్తయి ఉంది. అంతదూరం వచ్చినదాన్ని ఆపడానికి మనసొప్పలేదు.