75 గంటల కలుపు

మేరీల్యాండ్ రాష్ట్రంలో పిల్లవాడు ఎంత చదివినా, 75 గంటల సమాజసేవ లెక్క చూపకపోతే గవర్నమెంటు హైస్కూలు డిప్లొమా చేతికి రాదు. 1992లో పెట్టిన నిబంధన ఇది. అమెరికాలో రాష్ట్రం మొత్తానికి ఇలా తప్పనిసరి చేసింది ముందు వీళ్ళే. సేవంటే ఏదో నడుం వంచి వచ్చెయ్యడం కాదు. ముందు సన్నాహం, తర్వాత పని, ఆ తర్వాత చేసిన పని గురించి కూర్చుని ఆలోచించడం, మూడూ ఉండాలి. మూడూ గంటల్లోకి వస్తాయి. ఆఖరిది కాస్త గుర్తుపెట్టుకోండి, పనుంది దానితో.

ఇక బాల్టిమోర్. 12, 13 ఏళ్ళ పిల్లల చేత కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష రాయించి, 'వీడు మేధావి' అని ఏరడం ఈ ఊళ్ళోనే మొదలైంది. జాన్స్ హాప్కిన్స్‌లో జూలియన్ స్టాన్లీ అనే ప్రొఫెసరు 1970ల మొదట్లో పట్టుకున్న పని అది. 1979లో దానికి అక్కడ ఒక కేంద్రమే వెలిసింది. అక్కడ వేసవిలో చదువుకున్న పిల్లల్లో ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ ఉన్నాడు, పాటలు పాడే లేడీ గాగా కూడా ఉంది. మనవాళ్ళు మొదటి పేరే చెప్పుకుంటారు. రెండో పేరు చూసి పిల్లని చేర్పించిన తెలుగు తండ్రి ఇంతవరకూ నాకు తగల్లేదు.

ఈ మేధస్సునీ ఆ గంటల్నీ కలిపితే వచ్చేదే వేసవి సేవా శిబిరం. ఇలాంటివి ఒకటి కాదు, బోలెడున్నాయి. పిల్లల్ని మూడు వారాలు హాస్టల్లో పెట్టి, పొద్దున పేదరికం గురించి పాఠం చెప్పి, మధ్యాహ్నం ఊళ్ళోకి తీసుకెళ్ళి పని చేయిస్తారు. ఆ పని చేసినందుకు పిల్లల తల్లిదండ్రులు వేల డాలర్లు కడతారు. మళ్ళీ చదవక్కర్లేదు, నేను సరిగ్గానే రాశాను.

అలాంటి ఒకదాంట్లో నాకు పంతులు ఉద్యోగం దొరికింది. పేరెందుకు లెండి. గుంటూరులో ఇంటర్ పిల్లలకి సివిక్స్ చెప్పుకుంటూ ఉన్నవాణ్ణి, మా ఆవిడ హెచ్-1 వీసా వెనకాల హెచ్-4 మీద వచ్చి పడ్డాను. మాబోటి వాళ్ళలో కొందరికి పని చేసుకునే కార్డు 2015 నుంచి ఇస్తున్నారు. ఆ కార్డు చేతికొచ్చాక చూసిన మొదటి ప్రకటన ఇదే. పీజీ ఉండాలి, పిల్లలతో ఓపిక ఉండాలి, రేపేమవుతుందో తెలియకపోయినా కంగారు పడకూడదు అని అర్హతలు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఒకటో తారీకు జీతం కోసం ఎదురుచూసినవాణ్ణి పట్టుకుని ఆ మూడోది అడగాలా? ఇంటర్వ్యూలో, "పిల్లవాడికి మీకంటే ఎక్కువ తెలిస్తే ఏం చేస్తారు?" అన్నారు. నాకు పెళ్ళయి చాలా ఏళ్ళయిందండీ అన్నాను. ఇచ్చేశారు.

పిల్లలు నిజంగానే పిడుగులు. అన్నం తినే ముందు కూడా ఏ వరసలో నిలబడితే త్వరగా అందుతుందో లెక్క కట్టేవారు. ఆ లెక్క తేలేసరికి పక్క తరగతి వాళ్ళు తినేసి చేతులు కడుక్కునేవారు.

మాకు అప్పజెప్పిన సేవ ఒక తోట. బాల్టిమోర్‌లో వరసగా ఆనుకుని కట్టిన పాత ఇళ్ళు వేల కొద్దీ పాడుబడ్డాయి. కొన్నిటిని కూల్చేస్తే ఖాళీ జాగాలు మిగిలాయి. వాటిని చుట్టుపక్కలవాళ్ళు దత్తు తీసుకుని కూరగాయలు పండించుకోవచ్చని నగరమే ఒక ఏర్పాటు చేసింది. మేం వెళ్ళింది అలాంటి జాగాకే. దాన్ని చూసుకునే నల్లజాతి పెద్దావిడ మితభాషి. "ఇక్కణ్ణుంచి అక్కడి దాకా కలుపు తీయండి. పుల్ల గుచ్చి పేరు రాసిన వరసలు ముట్టుకోకండి," అని చెప్పి, గొట్టం పట్టుకుని టమాటాల వైపు వెళ్ళింది.

మామూలు పిల్లలైతే వంగి తీసేవారు. మావాళ్ళు ముందు కలుపంటే ఏమిటో తేల్చాలన్నారు. ఎవరికి అక్కర్లేనిది కలుపు? అక్కర్లేదని నిర్ణయించే హక్కు వాళ్ళకెవరిచ్చారు? పొద్దున నేను చెప్పిన పాఠమే తిరగేసి నాకే అప్పజెప్పారు. ఈలోగా వాళ్ళ కాళ్ళ కింద నేలంతా పరుచుకుని నిగనిగలాడుతున్న గంగపాయల కూర చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఇక్కడ దాన్ని పీకి పారేస్తారు. అది మేం పప్పులో వేసుకుంటామని నోరు జారాను. అంతే, దాంట్లో ఒమేగా-3 ఉందని ఒకమ్మాయి, అయితే దాన్ని పీకడం ఆహార అన్యాయమని ఇంకో అబ్బాయి. చేతులెత్తి ఓటింగు పెట్టుకున్నారు. గంగపాయలకి ప్రాణభిక్ష దొరికింది.

మరి పీకడానికేం మిగిలినట్టు?

కళ్ళజోడు బుడ్డోడు, మన తెలుగు పిల్లాడే, మా అసిస్టెంటు అమ్మాయి ఫోను అడిగి తీసుకుని, మొక్కల్ని గుర్తుపట్టే యాప్ తెరిచి, ఒక వరస ముందు గొంతుక్కూర్చున్నాడు. కొత్తిమీరలా సన్నటి ఆకులు, బెత్తెడు మొక్కలు. ఫోటో తీస్తే 'క్వీన్ యాన్స్ లేస్, కలుపు' అని వచ్చింది, అంటే అడవి క్యారెట్. పక్కన పుల్ల మీద 'క్యారెట్' అని స్పష్టంగా రాసి ఉంది. పుల్ల చెప్పినంత మాత్రాన నమ్మడం శాస్త్రం కాదన్నాడు వాడు. ఒకటి పీకి చూశాడు. వేరు నారింజ రంగులో లేదు, దారప్పోగులా తెల్లగా ఉంది. అడవి క్యారెట్ వేరు తెల్లగా ఉంటుందని యాప్‌లో ఉండనే ఉంది. ఇంకేం కావాలి రుజువు?

నేను గంగపాయల వైపు నుంచి తల తిప్పేసరికి పదిహేను జతల చేతులు ఆ వరసని తోమి పెట్టాయి. పీకినవాటిని పొడుగు ప్రకారం పేర్చారు కూడా.

శరత్కాలం పంటకని జూలై మొదట్లో విత్తిన క్యారెట్లవి. ఏ క్యారెట్టయినా ఆ వయసులో తెల్లటి పోగే. యాప్ కూడా అబద్ధమేమీ చెప్పలేదు. రోడ్డు పక్క కలుపుకీ వంటింటి క్యారెట్టుకీ లాటిన్ పేరు ఒకటే, డాకస్ కరోటా. ఇవి ఉపజాతిలో తేడా అని ఒకమ్మాయి చెయ్యెత్తి చెప్పింది. అంతా అయిపోయాక చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, తన వంతు రాలేదంది.

పెద్దావిడ వచ్చి చూసింది. వరస వంక చూసింది, పేర్పు వంక చూసింది, చెక్కు చెదరని గంగపాయల వంక చూసింది. "చాలా తెలివైన పిల్లల్ని పంపుతున్నామని ఫోన్లో చెప్పారు," అంది. ఇంకేమీ అనలేదు. మర్నాటి నుంచి మాకు తోపుడుబండితో చెక్కపొట్టు మోసే పని ఇచ్చింది. అందులో ఆలోచించాల్సిందేమీ లేదని రెండుసార్లు చెప్పింది.

సాయంత్రం ఆలోచనల గంట. పిల్లలు తలా రెండు పేజీలు క్యారెట్ల మీద రాసుకొచ్చారు. జ్ఞానానికీ వినయానికీ ఉన్న సంబంధం గురించి అంత బాగా నేను కూడా చెప్పలేను. చివర్న మన బుడ్డోడు, "పీకడం పని కింద వస్తుంది, బాధపడటం ఆలోచన కింద వస్తుంది. రెండింటికీ గంటలు వేస్తారు కదా?" అన్నాడు. నిబంధనలు తెరిచి చూశాను. వెయ్యకూడదని ఎక్కడా లేదు.

రాత్రి వాళ్ళ నాన్న ఫోను. "నమస్తే సార్, మీరు తెలుగువారట గదా. మావాడి చేత కలుపు తీయిస్తున్నారటగా? మా నాన్న నన్ను కలుపు తీయనివ్వకుండా చదివించాడండీ. నేను వీణ్ణి చదివించి, డబ్బు కట్టి మరీ తీయించడమా?" నా దగ్గర సమాధానం లేదు. ఉన్నా చెప్పనిచ్చేవాడు కాడు. వెనకనుంచి తెనాలి పక్క పల్లె గొంతొకటి దూరింది. ఆ వేసవికి మనవణ్ణి చూడ్డానికి వచ్చిన తాతగారు.

"పంతులుగారూ, మా ఊళ్ళో నూరు రోజుల పనికెళ్తే గవర్నమెంటే డబ్బులిచ్చేదండీ. ఇక్కడ డెబ్బై అయిదు గంటలకి మనం ఎదురు కట్టాలా?"

"అంతేనండీ."

"సరే, మావాణ్ణి పిలవండి."

ఫోను బుడ్డోడి చేతికిచ్చాను. స్పీకరు మీదే ఉంది.

"ఒరే నాన్నా, పీకినప్పుడు వేరు తెగిందా, మొత్తం వచ్చిందా?"

"ఒక్కటి కూడా తెగలేదు తాతయ్యా."

"శభాష్! మీ నాన్న సగానికి తెంపేసి వచ్చేవాడు, వెధవ."