సాయంత్రం ఏడింటి రివ్యూ మీటింగు గారికి

మహారాజశ్రీ రివ్యూ మీటింగు గారి దివ్య సముఖమునకు, ఒకానొక బ్యాంకు బ్రాంచి సిబ్బంది నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలమంతా మీవైపే ఉంది.

క్యాష్ టాలీ చేసి, ఖజానాకు తాళం వేసి, ఇంటికి బయల్దేరే వేళకు తమరు దర్శనమిస్తారు. కెమెరాలు ఆన్, మైకులు మ్యూట్. ఎక్సెల్ షీటులో టార్గెట్ అందుకోని మా వరుస ఎర్రగా వెలుగుతుంది. "మేనేజర్ గారూ, తమరు అన్నమే తింటున్నారా?" అంటారు జోనల్ సారు. అది భోజనం గురించిన పరామర్శ కాదని జోన్ మొత్తానికి తెలుసు. జవాబు చెబితే ఎదురు మాట్లాడినట్టు, చెప్పకపోతే నిర్లక్ష్యం. మెమో మాత్రం రెండింటికీ ఒకటే. దీనికి మీవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు మోటివేషన్.

ఆ సారును కూడా పొద్దున్నే ముంబై హెడ్డాఫీసులో ఎవరో మోటివేట్ చేసే ఉంటారు. ఆయన మా మేనేజర్‌ని చేస్తారు, మేనేజర్ కౌంటర్లో కుర్రాణ్ణి చేస్తారు. కుర్రాడు పంట రుణం రెన్యువల్‌కు వచ్చిన రైతు ముందు ఇంకో కాగితం పెట్టి, "ఇక్కడ కూడా ఒక సంతకం పెట్టు బాబాయ్" అంటాడు. ముంబైలో పుట్టిన తిట్టు మా మండలానికి వచ్చేసరికి బీమా పాలసీ అవుతుంది. ఏటేటా ప్రీమియం కట్టాల్సింది బాబాయే.

ఇక మా ఒంటి సంగతి. మేనేజర్‌కి ఆదివారం మధ్యాహ్నం నుంచే కడుపులో మంట. సోమవారం తమరు వస్తారు కదా. నలభై దాటని క్యాషియర్ సొరుగులో రబ్బరు స్టాంపుల పక్కన బిపి మాత్రలు. నిద్ర పట్టదు, పట్టినా మూడింటికి మెలకువ, మెలకువ రాగానే చెయ్యి వాట్సాప్ గ్రూపు మీదికే పోతుంది. వారానికి 35–40 గంటలు పనిచేసేవాళ్ళకన్నా 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 2021లో లెక్కగట్టాయి. అందులో గంటలు లెక్కేశారు గానీ తిట్లు లెక్కెయ్యలేదు.

పైవాళ్ళకు దయ లేదని నేననను. జూన్ 21న మాచేత ప్రాణాయామం చేయించి, ఫొటోలు గ్రూపులో పెట్టమన్నారు. ఆలస్యంగా పెట్టిన బ్రాంచీలకు ఆ సాయంత్రం తమరే అక్షింతలు వేశారు.

పోనీ, మీమీద ఫిర్యాదు చేద్దామా? 2013 చట్టం పనిచోట లైంగిక వేధింపులను ఆపడం కోసం. అది ఉండి తీరాల్సిందే, కానీ మీ మామూలు తిట్లు దాని పరిధిలోకి రావు. పనిచోట వేధింపులపై ఐఎల్‌ఓ 190వ ఒప్పందం 2019లోనే వచ్చింది. మన దేశం ఇంకా ఆమోదించలేదు. ఆ ఏడాది డిసెంబరులోనే మీ ప్యారిస్ బంధువు దొరికిపోయాడు లెండి: సిబ్బందిని వదిలించుకోవడానికి వాళ్ళను వేధించినందుకు ఫ్రాన్స్ టెలికాం కంపెనీనీ, దాని మాజీ అధిపతినీ కోర్టు దోషులుగా తేల్చింది. అంతకుముందే అక్కడ ఎందరో ఉద్యోగులు ప్రాణాలు తీసుకున్నారు.

కాబట్టి చిన్న కోరిక. రేపటి షీటులో డిపాజిట్లు, బంగారు రుణాలు, బీమా పక్కన బిపి అని ఇంకో కాలమ్ వేయించండి. జోనల్ సారుది ముందు చదవండి. హద్దు 140/90 అని పెట్టండి చాలు, ఆ ఒక్క కాలమ్‌లో మా బ్రాంచి ఎప్పుడో టార్గెట్ దాటేసింది.