అరవై కాదు, యాభై ఏడు

మా కారుకి ఇరవై ఏళ్లు దాటాయి. ఆ వయసులో ఏదో ఒక నొప్పి ఉండకుండా ఎలా ఉంటుంది? అందుకే ఒకరోజు స్పీడోమీటర్ ముల్లు ఇరవైకీ ఎనభైకీ మధ్య పూనకం వచ్చినట్టు ఊగి, చివరికి సున్నా మీద చతికిలపడితే నేను పెద్దగా పట్టించుకోలేదు. పక్క సీట్లో ఉన్న నాన్న పట్టించుకున్నారు.

"ఎంతలో వెళ్తున్నావురా?"

"సున్నాలో."

"యాభై రెండు" అన్నారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

ఆ రోజు నుంచి మా కారుకి ఆయనే మీటర్. ఇంజిన్ చప్పుడు వింటారు, ఏ గేర్లో ఉన్నానో ఓరకంట చూస్తారు, అంకె చెప్పేస్తారు. ఒకసారి "ముప్పై ఎనిమిది" అన్నారు. "నలభై అనొచ్చుగా నాన్నా?" అంటే, "నలభై అయితే నలభై అనే అనేవాణ్ణి" అన్నారు. అనుమానంతో ఫోన్లో జీపీఎస్ పెట్టి చూశాను. ముప్పై ఎనిమిదే. ఫోన్ పక్కన పడేశాను.

ముల్లుతో పాటు తిరిగిన కిలోమీటర్ల అంకె కూడా 1,48,312 దగ్గర ఆగిపోయింది. "దానికి వయసు పెరగడం ఆగిపోయింది, అదృష్టవంతురాలు" అంది మా ఆవిడ. నవ్వి ఊరుకున్నాను గానీ అసలు ఆచూకీ అక్కడే ఉంది. ముల్లు ఒక్కటే ఆగితే మీటర్నే అనుమానించాలి. ముల్లూ అంకే ఒకేసారి ఆగాయంటే గేర్‌బాక్స్ నుంచి రావాల్సిన కబురు రావట్లేదన్నమాట. పైగా రోడ్డు మీద బండి నెమ్మదించి ఆగేటప్పుడు ఒక్కోసారి ఇంజిన్ కూడా ఆగిపోవడం మొదలైంది. వేగం తెలియక ముల్లే కాదు, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ కూడా తికమక పడుతోంది.

"మా రోజుల్లో కేబుల్ ఉండేది" అన్నారు నాన్న. ఒక కొస గేర్‌బాక్స్‌లో, ఇంకో కొస మీటర్లో. కేబుల్ తిరిగితే మీటర్లో ఒక అయస్కాంతం తిరుగుతుంది, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నె అసలు తాకకుండానే కాస్త పక్కకి లాగబడుతుంది, దానితో ముల్లు కదులుతుంది. జర్మనీకి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంట్ తీసుకున్న ఉపాయం అది. పాడైతే కేబుల్ తెగినట్టే, ఇక ఆలోచించే పని లేదు. మా కార్లో కేబుల్ లేదు. గేర్‌బాక్స్‌కి గుచ్చిన వేలెడంత సెన్సర్, దానికి మూడు వైర్లు. ఆలోచించే పని చాలా ఉంది.

ఆ పని మా బావమరిది నెత్తిన వేసుకున్నాడు. కారు కంప్యూటర్ గుర్తించిన లోపాన్ని కోడ్ రూపంలో చూపించే స్కానర్ తెచ్చి డ్యాష్‌బోర్డు కింద తగిలించాడు. పీ 0500 అని వచ్చింది.

"బావా, సెన్సర్ పోయింది."

ఆ కోడ్‌కి అర్థం 'వేగం సెన్సర్ సర్క్యూట్‌లో లోపం' అని. 'సర్క్యూట్' అన్న ముక్కని ఇద్దరం కలిసి మింగేశాం.

అయినా శాస్త్రీయంగా చేద్దామనుకున్నాం. ముందు ఫ్యూజ్ చూశాం, బాగుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు చక్రాలు రెండూ జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టాం. గేర్ న్యూట్రల్, తాళం ఆన్. కనెక్టర్లో ఒక వైరుకి 12 వోల్టులు వస్తున్నాయి, ఇంకోటి ఎర్త్, అదీ సరిగానే ఉంది. మిగిలిన వైరులో, చక్రం తిరుగుతుంటే వోల్టేజీ లేస్తూ పడుతూ ఉండాలి. వాడు చక్రం తిప్పాడు, నేను మల్టీమీటర్ పట్టుకున్నాను. అంకె కదల్లేదు.

"చచ్చింది" అన్నాడు వాడు, నాడి చూసిన వైద్యుడిలా.

కొత్త సెన్సర్ కొన్నాను. పాతది విప్పడానికి గంటన్నర పట్టింది. కారు తయారుచేసినవాళ్ల చేతులు ఎంత సన్నగా ఉండేవో గానీ, నా చెయ్యి దూరిన చోటల్లా కాస్త చర్మం వదిలి వచ్చింది. సెన్సర్ ఊడొస్తూ గేర్ ఆయిల్ సరిగ్గా నా నుదుటి మీద బొట్టు పెట్టింది.

కొత్తది బిగించాం. వాడు చక్రం తిప్పాడు. అంకె కదల్లేదు.

"ఇది కూడా చచ్చిందా?" అన్నాను.

"పుట్టుకతోనే పోయుంటుంది బావా. మార్పించుకుందాం."

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్న నాన్న గొంతు సవరించుకున్నారు. "ఒరేయ్, వాడు ఇటు చక్రం ముందుకి తిప్పుతుంటే అటు చక్రం వెనక్కి తిరుగుతోంది. చూశారా?"

చూడలేదు. ఇద్దరం ఒకే చక్రాన్ని చూస్తున్నాం మరి.

"గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ అంటే అదే కదా. రెండు చక్రాలూ గాల్లో ఉంటే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. మధ్యలో ఉన్నది కదలదు. దాన్ని చూసే మీ సెన్సర్ ఏం చెబుతుంది? బండి ఆగి ఉందని చెబుతోంది. నిజమే చెబుతోంది."

లేచి వెళ్లి అటు చక్రాన్ని కాలితో తొక్కిపట్టారు. బావమరిది ఇటు చక్రం తిప్పాడు. మల్టీమీటర్లో అంకె చిందులేసింది. నోరెత్తకుండా మళ్లీ కిందకి దూరి, చర్మం ఇంకాస్త వదిలి, పాత సెన్సర్ పెట్టాను. అదీ చిందులేసింది.

ఇద్దరూ ఆరోగ్యవంతులే. మరి జబ్బెవరికి?

"తిప్పుతూనే ఉండు. నువ్వు వైరు కదుపుతూ రా" అన్నారు నాన్న. గేర్‌బాక్స్ దగ్గర మొదలుపెట్టి వైరు పొడుగునా కదుపుతూ వచ్చాను. బ్యాటరీ కూర్చునే పళ్లెం కిందకి రాగానే అంకె పడిపోయింది. వదిలితే లేచింది. పట్టుకుంటే పడింది. టేపు విప్పితే, క్లిప్పు రాసుకుని తొడుగు పోయి, రాగి అంతా చిలుము పట్టి పచ్చగా ఉంది. ఒకటో రెండో పోగులు మాత్రం పట్టుకుని వేలాడుతున్నాయి. బండి నిలబడి ఉంటే తగులుతున్నాయి, రోడ్డెక్కి అదిరితే విడిపోతున్నాయి. జానెడు కొత్త వైరు అతికి, టంకం వేసి, తొడుగేశాం. ఇరవై నిమిషాల పని. కొత్త సెన్సర్ ఇప్పుడు డ్యాష్‌బోర్డు అరలో హాయిగా ఊరేగుతోంది.

స్కానర్‌తో కోడ్ చెరిపేసి ముగ్గురం రోడ్డెక్కాం. ముల్లు బుద్ధిగా లేచింది. అరవై దగ్గర నిలబెట్టి, కాస్త గర్వంగానే, "చూడండి నాన్నా, అరవై" అన్నాను.

"యాభై ఏడు."

వెనక సీట్లోంచి బావమరిది ఫోన్ తీశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "యాభై ఏడే బావా" అన్నాడు చివరికి.

ఇంటికొచ్చి వెతికితే తెలిసింది. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించొచ్చు, అసలు వేగంలో పదో వంతు, ఆపైన ఇంకో 4 కిలోమీటర్ల వరకూ. అందుకే కంపెనీలు ముల్లుని కాస్త ముందుకే పెడతాయి. ఈ సంగతి మర్నాడు కార్లో నాన్నకి చెప్పాను.

"అంటే దాన్ని అబద్ధం చెప్పనిస్తారా?" అన్నారు. కాసేపు కిటికీలోంచి చూశారు.

"నలభై ఒకటి" అన్నారు.