మేనేజరు గారి మేధస్సు ఛార్జింగ్‌లో ఉంది

మా తిరుపతిలో రిటైరైన బ్యాంకు మేనేజరు గారొకరు చిత్తూరులో ఉన్న పాత కొలీగ్‌తో కరస్పాండెన్స్ చదరంగం ఆడుతున్నారు, అంటే ఒక్కో ఎత్తుకీ రోజుల తరబడి ఆలోచించి దూరం నుంచి పంపుకునే ఆట. అవతలాయన రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపారు. జవాబుగా ఈయనా తన రాజు ముందు బంటునే జరిపారు. దానికి నాలుగు రోజులు పట్టింది. అదేంటి సార్ అని టీకొట్టు దగ్గర అడిగితే, "ఓపెనింగ్ అంటే చాలా లోతు, మీకు అర్థం కాదులెండి" అన్నారు.

లోతంతా ఫోన్‌లో ఉంది. రాత్రంతా స్టాక్‌ఫిష్ ఇంజిన్, అంటే చదరంగం ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం, ఆలోచిస్తుంది, సార్ నిద్రపోతారు. తెల్లారేసరికి ఫోను పెనంలా కాలుతుంటుంది. దాన్ని టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు, టెన్షనంతా తనదే అయినట్టు. మొన్న మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు. హైదరాబాద్ అల్లుడి కోసం అమ్మగారు ఫోన్ అడిగారు.

"ఉండవే, గుర్రం బయటికొస్తోంది!"

గుర్రం వచ్చింది. టికెట్లు అయిపోయాయి. "అయితే అల్లుణ్ణి ఆ గుర్రమెక్కే కొండకి పొమ్మనండి" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయారు. సార్ వినలేదు, ఇంజిన్ లెక్కలో తన స్కోరు పావు పాయింటు పెరిగిందట.

ఇంజిన్ వాడటం నేరమేం కాదు. అంతర్జాతీయ కరస్పాండెన్స్ చదరంగం సమాఖ్య (ఐసీసీఎఫ్) పోటీల్లోనే దానికి అనుమతి ఉంది. అందుకే అక్కడి పెద్ద టోర్నీల్లో ఇప్పుడు దాదాపు అన్నీ డ్రాలే. నా కడుపుమంటల్లా సార్ తనను అమెరికన్ చాంపియన్ హాన్స్ బెర్లినర్‌తో పోల్చుకోవడం గురించే. 1965లో మొదలై 1968 దాకా సాగిన ప్రపంచ కరస్పాండెన్స్ చాంపియన్‌షిప్‌లో ఒక ఆటలో సోవియట్ ఆటగాడు ఎస్ట్రిన్‌వి తెల్లపావులు, బెర్లినర్‌వి నల్లపావులు. ఓపెనింగ్ టూ నైట్స్ డిఫెన్స్ అనే ఆరంభ ఎత్తుల వరస, అందులో ఎస్ట్రిన్ పండితుడు. బెర్లినర్ ఐదో ఎత్తుకే బంటును బీ5 గడికి తోశాడు, ఆపైన ఒక పావునే వదిలేసి దాడికి దిగాడు, గెలిచాడు. ఆ చాంపియన్‌షిప్ మొత్తం 16 ఆటల్లో ఆయనవి 12 గెలుపులు, 4 డ్రాలు. ఆ తర్వాత ఆయన చదరంగం ఆడే కంప్యూటర్లు తయారుచేశాడు. మన సార్‌ని కంప్యూటర్ తయారుచేస్తోంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆదివారాలు ఈయన అపార్ట్‌మెంట్ పిల్లలకు పాఠం కూడా చెబుతారు. ఏడో తరగతి పిల్లొకతి, "తాతగారూ, బంటు అక్కడికే ఎందుకెళ్లాలి?" అని అడిగింది. "ఇంజిన్ చెప్పింది, రాసుకో" అన్నారు. అది మళ్లీ ఎందుకని అడిగింది. ఆ సాయంత్రం వాళ్ల నాన్నను పిలిచి, "పాపకి చదరంగం రాదండీ, డ్యాన్సులో చేర్పించండి" అని సలహా ఇచ్చారు. ఆ గదిలో ఆలోచించిన మనిషి ఆ పిల్ల ఒక్కతేనయ్యా! దాన్ని పంపించేసి ఎవరికి చెబుతారు పాఠం, ఛార్జర్‌కా?