ట్యూబ్ ఆంప్ అమ్మేసినవాళ్లు మోసపోలేదు

ట్యూబ్ ఆంప్ అంటే వాక్యూమ్ ట్యూబులతో గిటార్ సౌండ్ పెంచే పెట్టె. మోడలర్ అంటే అలాంటి ఆంప్‌ల సౌండ్‌ను డిజిటల్‌గా అనుకరించే పెట్టె. వీటి గురించి గిటారిస్టుల మధ్య ఒక మాట ఏళ్లుగా తిరుగుతోంది: "ట్యూబ్ ఆంప్ అమ్మేసి మోడలర్ కొన్నవాడు ఏడాది తిరక్కుండానే బాధపడతాడు. డిజిటల్‌లో సౌండ్ ఆలస్యంగా వస్తుంది, ఫీల్ ఉండదు, పెద్ద బ్యాండ్లు దాన్ని స్టేజి ఎక్కించవు." ఇది నమ్మి, అప్పు చేసి మరీ ట్యూబ్ ఆంప్ కొన్న కుర్రాణ్ణి చూశాను. అందుకే రాస్తున్నాను.

ముందు ఆలస్యం సంగతి. మంచి మోడలర్‌లో తీగ మీటాక సౌండ్ బయటికి రావడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. గాలిలో శబ్దం ఒక మీటరు దూరం రావడానికీ దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవాళ్లు ఇన్నాళ్లూ 9 మిల్లీసెకన్ల ఆలస్యంతోనే హాయిగా వాయిస్తున్నారు.

ఫీల్ గురించి అన్నదాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. గదిలో ఆంప్ ముందు నిలబడితే 12 అంగుళాల స్పీకరు నెట్టే గాలి కాళ్లకు తగులుతుంది. మోడలర్ ఇచ్చేది అది కాదు, క్యాబినెట్ (స్పీకరు పెట్టె) ముందు పెట్టిన మైకు వినే సౌండ్. రికార్డుల్లో, కచేరీల్లో జనం వినేది కూడా అదే కదా!

అసలు చాలామంది దెబ్బతినేది వేరేచోట. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ తగ్గించుకుని ప్రీసెట్ (దాచిపెట్టుకునే సెట్టింగుల కూర్పు) తయారు చేస్తారు. సౌండ్ తక్కువున్నప్పుడు చెవికి బేస్ బాగా తగ్గి వినిపిస్తుంది, ట్రెబుల్ కూడా కొంత తగ్గుతుంది. దాంతో రెండూ పెంచేస్తాం. అదే ప్రీసెట్ డ్రమ్స్ పక్కన పెట్టి వాయిస్తే కింద అంతా బురద, పైన గీరుడు. నా మొదటి రిహార్సల్లో ఇదే జరిగింది. "నా నోట్స్ నాకే వినపడట్లేదు తమ్ముడూ" అన్నాడు బేస్ గిటార్ వాయించే అన్న. 100 హెర్ట్జ్ కింద, 6,000 హెర్ట్జ్ పైన కోసేసి, గెయిన్ (సౌండ్ ఎంత గరగరలాడాలో తేల్చే సెట్టింగు) సగానికి తగ్గించాను. రెండో పాటకల్లా ఆయన తలూపుతూ వాయిస్తున్నాడు. మార్చింది సెట్టింగులే, పెట్టె అదే.

ఇక పెద్ద బ్యాండ్లు. 2013 డిసెంబరులో అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా అంటార్కిటికాలో, అర్జెంటీనా వాళ్ల కార్లీని స్థావరంలో కచేరీ చేసింది. స్టేజి మీద ఆంప్‌ల మోత లేదు, వచ్చినవాళ్లంతా హెడ్‌ఫోన్స్‌లో విన్నారు. గిటార్లు ఫ్రాక్టల్ కంపెనీ ఆక్స్-ఎఫ్‌ఎక్స్ మోడలర్ల మీద నడిచాయి. ఆ తర్వాత మామూలు టూర్లలోనూ వాళ్లు వాటినే వాడారు. ట్విన్ రివర్బ్ అనే ట్యూబ్ ఆంప్ తయారుచేసే ఫెండర్ కంపెనీ కూడా 2019లో దాని డిజిటల్ రూపాన్ని టోన్ మాస్టర్ పేరుతో తెచ్చింది. బరువు సుమారు 15 కిలోలు, అసలు ట్విన్‌లో దాదాపు సగం. మూడో అంతస్తుకు ఆంప్ మోసినవాళ్లకు ఆ తేడా ఎంతో తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం అవతలివాళ్ల మాటే నిజం. 1965 నాటి ట్విన్‌ను ఇవాళ్టికీ బాగుచేయొచ్చు, ట్యూబులు, కెపాసిటర్లు దొరుకుతాయి. మోడలర్‌లో చిప్ పోయి, అది తయారీలో లేకపోతే చేసేదేమీ లేదు. ముప్పై నలభై ఏళ్లు ఉంచుకోవాలని కొనేవాళ్లు అడిగితే నేను కూడా ట్యూబ్ ఆంపే తీసుకోమంటాను.