మీటరు పెట్టకుండానే తీర్పా?

పాత కారులో బ్యాటరీ డౌన్ అయిందంటే చాలు, మెకానిక్‌లు వోల్టు మీటరు చేత పట్టకుండానే ముందు బ్యాటరీని, అదీ కాకపోతే దానిని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను మార్చమంటారు. ఇది లోపాన్ని కనిపెట్టడమా, ఊహాగానమా? బ్యాటరీ వద్ద ఇంజను ఆపినప్పుడు దాదాపు 12.6 వోల్టులు, నడిచేటప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టులు ఉన్నాయో లేదో చూడటానికి ఎంతసేపు పడుతుంది? ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు వదులైందా, ఎర్త్ తీగ తుప్పు పట్టిందా అని కూడా చూడరు. చాలా పాత కార్లలో ఛార్జింగ్ హెచ్చరిక దీపం గుండానే ఆల్టర్నేటర్‌కు తొలి విద్యుత్తు అందుతుంది కనుక, ఆ బల్బు మాడిపోతే ఛార్జింగే మొదలుకాకపోవచ్చు. దానిని పరీక్షించకుండా బాగున్న ఆల్టర్నేటర్‌ను విప్పి పారేయడం ఎంత అన్యాయం! అంతకన్నా ఘోరం, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చూడటం. ఆ క్షణంలో ఎగసే వోల్టేజీకి ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, వోల్టేజీని అదుపుచేసే రెగ్యులేటరు కాలిపోతే బాధ్యత ఎవరిది?